22 గ్రాముల చిన్న కారాబీనర్లు: గుట్ట ఎక్కుడుకు, ఇంటి పనికి ఏవి కొనాలె?

గుట్టల_పోరడు
హన్మకొండల ఉంట. దోస్తులం కలిసి సెలవు దొరికితే భువనగిరి గుట్టకో, పాండవుల గుట్టకో పోతుంటం. మా దగ్గర ఉన్న కారాబీనర్లు (తాడు తగిలించే లోహపు క్లిప్పులు) సీనియర్లు వదిలిపెట్టినవి, పెద్దవి, బరువు. నడుముకు తగిలించుకొని నడిస్తే మేకల మంద వచ్చినట్టు సప్పుడు. ఆన్‌లైన్ల చూస్తే 22 గ్రాములవి, 25 గ్రాములవి కనబడుతున్నయి, ముద్దుగ ఉన్నయి. మొత్తం సెట్టు వాటికే మారుద్దామని నేనంటున్న. మావోళ్లు గంత చిన్నది మనిషిని ఏమాపుతదని నవ్వుతున్నరు. చౌరస్తాల బ్యాగుల దుకాణంల అచ్చం గట్లాంటివే 40 రూపాయలకు దొరుకుతున్నయి, అది వేరే పరేషాన్. తాళంచెవులకు, బండికి, బ్యాగుకు కూడా పనికొస్తయి కదా అని ఒకటే రకం కొందామనుకుంటున్న. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
22 గ్రాములా? మా ఇంటి బీరువా తాళమే గంతకన్న ఎక్కువుంటది తమ్మీ.

రామగుండం_రిగ్గర్
చిన్నగుంటే కమ్‌జోర్ అనుకునుడు తప్పు. ఎత్తు మీద పని చేసేటోన్ని, రోజూ చేతుల ఇవే ఉంటయి కాబట్టి చెప్తున్న.

క్లైంబింగ్ కారాబీనర్లకు ఈఎన్ 12275 అని యూరప్ ప్రమాణం ఉన్నది. మామూలు రకానికి నిలువుగ లాగితే 20 కిలోన్యూటన్లు, అడ్డంగ లాగితే 7, గేటు (వేలితోని నొక్కితే తెరుచుకునే వైపు) తెరిచి పెట్టి నిలువుగ లాగితే 7 తట్టుకోవాలె. ఒక కిలోన్యూటన్ అంటే 102 కిలోల బరువంత గుంజుడు. 20 అంటే రెండు టన్నుల పైమాటే. 22 గ్రాములదైనా, 60 గ్రాములదైనా గదే పరీక్ష పాస్ కావాలె, చిన్నదని మార్కులు కలిపేది లేదు. కాంప్ నానో 22 పేరే దాని బరువు. ఎడెల్‌రిడ్ నైన్‌టీన్ జీ 20 గ్రాములు కూడా ఉండది. రెండూ ఆ పరీక్ష దాటినవే.

గేటుకు ఎదురుగ ఉండే నిండు వైపు చూడు. చిన్న చిన్న బొమ్మలు, వాటి పక్కన మూడు అంకెలు చెక్కి ఉంటయి. సీఈ అని, దాని వెంబడి నాలుగంకెల నంబరు ఉంటది. యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సంఘం) ముద్ర ఉంటే ఇంకా మంచిది. ఇవేవీ లేకుంటే అది తాళంచెవుల క్లిప్పు, ఎంత లావుగున్నా సరే. నీ 40 రూపాయలది గదే.

నల్లబండ
తాకత్ సంగతి రిగ్గరన్న చెప్పింది కరెక్టే. కాని నీకు అవసరమా అన్నది అసలు ముచ్చట.

భువనగిరిల మీరు చేసేది ఏంది? నూటికి తొంభై సార్లు టాప్ రోప్. పైన యాంకర్, అంటే తాడును మోసే కట్టు, కడతరు, కింద నిలబడి ఒకడు బిలే ఇస్తడు, అంటే పడకుండ తాడు పట్టి ఆపుతడు. ఎక్కేటోని నడుముకు ఏముంటది చెప్పు, ఏమీ ఉండది. ఇగ బరువు ఎక్కడ తగ్గిస్తవ్? సరే లీడ్ చేస్తరనుకుందాం, అంటే పైనుంచి తాడు లేకుండ, దారి పొడుగునా తాడు తగిలించుకుంట ఎక్కుడు. క్విక్‌డ్రా అంటే పట్టీ రెండు కొసలకు రెండు బీనర్లు, 12 క్విక్‌డ్రాలకు 24. 36 గ్రాములవి తీసి 22వి పెడితే ఒక్కోదానికి 14 గ్రాములు, మొత్తం 336 గ్రాములు మిగులు. బ్యాగుల అర లీటరు నీళ్ల సీసా తీసేస్తే అంతకన్న ఎక్కువ తగ్గుతది, పైస ఖర్చు లేకుండ.

పైసలుంటే మంచి తాడు కొనుక్కోరి. సీనియర్లు ఇచ్చిన తాడు ఎన్నేండ్లదో ముందు గది చెప్పు.

గుట్టల_పోరడు
తాడు కొత్తదే అన్నా, పోయిన దసరాకు చందాలు వేసుకొని కొన్నం 😀

పాకాల_పిట్ట
@నల్లబండ నీ లెక్క భువనగిరికి సరిపోతుంది. నాలుగైదు పిచ్‌ల (ఒక్కో పిచ్ అంటే ఒక తాడు పొడుగులో ఎక్కే భాగం) రూట్‌కు, దాని కాళ్ల దాకా రెండు మూడు గంటలు నడిచే చోటుకు పోతే ఆ 336 గ్రాములు సాయంత్రానికి తెలుస్తాయి. బరువొక్కటే కాదు, గుత్తి కూడా తగ్గుతుంది. నడుము మీద చోటు దొరుకుతుంది.

కాని చిన్నవాటితో అసలు తిప్పలు వేళ్ల దగ్గర. నా వేళ్లు సన్నవి, నాకు ఫర్వాలేదు. మా గ్రూపులో ఒకన్నది రైతు చెయ్యి, గేటు నొక్కగానే వేలు లోపలే ఇరుక్కుంటుంది, తాడుకు సందు మిగలదు. గ్లోవ్స్ వేసుకుంటే ఇంకా కష్టం. ఉత్తరకాశీ నిమ్‌లో (నెహ్రూ పర్వతారోహణ సంస్థ) బేసిక్ కోర్సు చేసినప్పుడు చేతికిచ్చినవన్నీ పెద్దవే, మంచులో ఎందుకో రెండో రోజుకే అర్థమైంది. కాలు వణుకుతున్నప్పుడు, ఎడమ చేత్తో, చూడకుండా క్లిప్ చెయ్యగలవా లేదా అన్నదే పరీక్ష. గ్రాములు తర్వాత చూసుకో.

ముందు ఒక్కటి కొను. ఇంట్లో తలుపు గడియకు వేలాడదీసి ఎడమ చేత్తో తాడు పెట్టి చూడు. చిరాకు లేస్తే మిగతావి కొనకు.

మెకానికల్_సీను
రిగ్గర్ గారి పోస్టుకు కొనసాగింపు. ఆ మూడు అంకెల్లో అందరూ 20 చూసి మురిసిపోతారు. చూడాల్సింది 7.

కారాబీనర్ బలమంతా గేటు మూసుకొని, ముక్కుకు (గేటు వచ్చి ఆనే కొసకు) తగులుకొని ఉన్నప్పుడే. అప్పుడు బరువు రెండు వైపులా పంచుకుంటుంది. గేటు తెరుచుకుంటే నిండు వైపు ఒక్కటే మోస్తుంది, వంగి విచ్చుకుంటుంది. 20 కాస్తా 7కు పడిపోయేది అందుకే. 7 అంటే సుమారు 714 కిలోలు, మామూలుగా వేలాడడానికి ఎక్కువే. కాని లీడ్‌లో పడినప్పుడు పై బీనర్ మీద పడేవాడి గుంజుడు, బిలే ఇచ్చేవాడి గుంజుడు రెండూ కలుస్తాయి, 4, 5 కిలోన్యూటన్లు సులువుగా వస్తాయి. 7కు అది మరీ అంత దూరం కాదు. సాగని డైనీమా స్లింగ్‌కు (గట్టి దారంతో చేసిన పట్టీకి) కట్టుకొని, యాంకర్ కంటే పైకి ఎక్కి జారితే ఒక మీటరు పడ్డా 10 దాటొచ్చు.

వైర్ గేటుకు (తీగతో చేసిన గేటుకు) ఒక లాభం ఉంది. పడినప్పుడు బీనర్ వెన్ను రాయికి కొట్టుకుంటే, గేటు తన సొంత బరువుకే క్షణంపాటు తెరుచుకుంటుంది. వైరు తేలిక కాబట్టి అది తక్కువ. చిన్న బీనర్లన్నీ దాదాపు వైర్ గేటువే, కాబట్టి ఈ విషయంలో పాత లావు గేటువాటికంటే అవే నయం.

నల్లబండ
గేటు ముచ్చట ఒప్పుకుంట. మరి ముక్కు సంగతి? వైర్ గేటు అగ్గువవి ముక్కు దగ్గర కొక్కెం లెక్క ఉంటయి. స్లింగ్ నుంచి తీసేటప్పుడు గది పట్టుకుంటది. చిన్న బీనర్ల సందు తక్కువ, ఇంకా సతాయిస్తది. కొక్కెం లేని నున్నటి ముక్కు కావాలంటే ధర ఎక్కువ.

కాజీపేట_జంక్షన్
ముక్కు మంచిగుండాలె, వేలు సన్నగుండాలె, బరువు తక్కువుండాలె. సంబంధం చూస్తున్నరా, క్లిప్పు కొంటున్నరా?

పాకాల_పిట్ట
😂😂

బాయికాడ_బాలన్న
గుట్టలు నాకు తెల్వది. మాది నర్సంపేట దిక్కు. ఇంటి పని అన్నరు కాబట్టి రాస్తున్న.

బర్రెను కట్టే పలుపుకు దుకాణంల క్లిప్పు పెట్టిన. సూడనీకి నిగనిగ. రెండు వారాలకు బర్రె మెడ తిప్పితే గేటు దగ్గర పటుక్కున ఇరిగింది. ఇరిగిన కాడ సూస్తే బూడిద రంగు గరుకు గరుకు, పోత పోసిన జింకు. ఇనుము అయితే వంగేది, గిది వంగలే. ఇప్పుడు కుక్క గొలుసులకు వచ్చే తిరుగుడు హుక్కు పెట్టిన, ఉక్కుది. అది గిర్రున తిరుగుతది, పలుపు మెలి పడది. మీరు చెప్పే గుట్ట క్లిప్పులు దీనికి దండుగ.

ఒక్క మాట. బాయిల మోటరు దించేటప్పుడు మా ఊరి పోరలు గీ రంగు క్లిప్పులు తాడుకు తగిలిస్తున్నరు. మోటరు కింద మనిషి ఉంటడు. గట్ల చేయకుండ్రి.

రామగుండం_రిగ్గర్
@బాయికాడ_బాలన్న కాకా, గదే నేను సైటు మీద రోజూ చెప్పేది. మోటరు లాంటి దానికి ఉక్కు డీ షాకిల్ (పిన్ను బిగించే కొండి) పెట్టాలె, దాని మీద ఎన్ని టన్నులో రాసి ఉంటది. మనిషి కింద ఉండుడే వద్దు, ఉండక తప్పకుంటే వానికి వేరే తాడు.

ఇంకోటి, అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తది అంటరు కొందరు. అల్యూమినియం అంటుకోదు, జింకు కూడా అంటుకోదు. దానితోని ఏం తెల్వది. ముద్ర చదువుడొక్కటే తొవ్వ.

చింతగట్టు_చిన్ని
హ్యామక్‌ల (చెట్లకు కట్టే గుడ్డ ఉయ్యాలల) కోసం అమ్మే బీనర్ల మీద 12 కేఎన్ (కిలోన్యూటన్లు) అని రాసి ఉంటది కదా, అవి నడుస్తయా? 25 గ్రాముల లోపే ఉన్నయి, ధర సగం.

మెకానికల్_సీను
@చింతగట్టు_చిన్ని హ్యామక్‌కు, టెంటు తాడుకు, బ్యాగులు చెట్టుకు వేలాడదీయడానికి భేషుగ్గా నడుస్తాయి. క్లైంబింగ్‌కు నడవవు. 12 అన్నది కంపెనీ వాళ్లు చెప్పుకున్న మాట, ఈఎన్ 12275 లెక్క కాదు. గేటు తెరిచి ఎంత, అడ్డంగా ఎంత అన్న ఊసే ఉండదు.

తాటివనం
చాలా రోజుల నుంచి చదువుడే తప్ప రాయలే. ఇది మా ఇంటి ముచ్చట, అందుకే అడుగుతున్న.

మా బాపు గీత పని. జనగామ దిక్కు మా ఊరు. చెట్టెక్కే సామాను మోకు, ముత్తాదు మీదనే బతుకంతా. 2024 జూలైల అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడల ముఖ్యమంత్రి గీత కార్మికులు చెట్టు మీదికెళ్లి పడకుండ కాటమయ్య రక్ష కిట్లు మొదలువెట్టిండు కదా, తర్వాత మా దిక్కు కూడా ఇచ్చిండ్రు. ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ వాళ్ల జట్టు నేర్పిచ్చుడుల ఉన్నది. తాళ్లు, స్లింగులు, క్లిప్పులు అన్నీ ఉన్నయి అండ్ల. బాపు మొదట వద్దన్నడు, "నలభయ్యేండ్ల సంది ఎక్కుతున్న, నాకు గీ పిల్లల ఆటలేంది" అని. ఇప్పుడు వాడుతుండు, కాని క్లిప్పు బరువు, నడుము మీద లొట్టి, కత్తులు, ఇదొకటి అని గొణుగుతడు. నాకేమో ఈ చిన్నవి కొనిస్తే తేలికైతది కదా అని ఆలోచన వచ్చింది. కొనిచ్చుడా వద్దా?

కల్లు గిట్ల మీద పడితే గేటు జిగురు జిగురైతది, అదొకటి ఉన్నది.

రామగుండం_రిగ్గర్
@తాటివనం వద్దు తమ్మీ. కిట్టుల ఉన్నదాన్ని మార్చకు. చెప్త ఎందుకో.

మొదటిది, బాపు బరువు రోజంతా దాని మీదనే ఉంటది. గుట్ట ఎక్కేటోనికి బీనర్ తాను జారి పడ్డప్పుడు పనికొచ్చేది, ఆయనకు పొద్దున సాయంత్రం పనిముట్టు. సన్నటిది తొందరగ అరుగుతది, తాడును కూడా కొరుకుతది. రెండోది, లాక్. చిన్న వైర్ గేటుకు లాక్ ఉండది. తాటి చెట్టు ఒంటికి గరుకు బొడిపెలు, మట్ట మొదళ్లు ఉంటయి. గేటు వాటికి ఒత్తుకుంటే తెరుచుకుంటది, తాడు బయటికొస్తది. లాక్ ఉన్నదాంట్ల గది కాదు. చిన్న లాకర్లు (లాక్ ఉన్న బీనర్లు) 40 గ్రాముల దగ్గర దొరుకుతయి కాని వాటి స్క్రూ వేలి గోరంత ఉంటది, చెమట చేతులతోని తిప్పుడు కష్టం. మూడోది, అడ్డం పడుడు. చెట్టు గుండ్రం మీద బీనర్ ఒరిగి పండుకున్నదనుకో, గుంజుడు అడ్డంగ పడతది, 20 పోయి 7 అయితది. పెద్ద దానికన్న చిన్నది తొందరగ ఒరుగుతది అని కాదు, కాని ఒరిగితే చూసుకునుడు కష్టం.

స్క్రూ గేటు అయితే బిగించే దిక్కు కిందికి ఉండేటట్టు పెట్టమను. చెట్టు మీద ఊగుడుకు స్క్రూ వదులైతే కిందికే జారుతది. కిందికి జారుడంటే బిగుసుకునుడే అయితది.

జిగురుకు గోరువెచ్చటి నీళ్లల్ల సబ్బు వేసి, పాత పళ్ల బ్రష్షుతోని గేటు కీలు దగ్గర రుద్ది, నీడల ఆరబెట్టాలె. నూనె పోయొద్దు.

కాజీపేట_జంక్షన్
@తాటివనం శుభ్రం చేసే పనికి నేనొస్త. ఫీజు ఏం వద్దు, ఒక్క లొట్టి చాలు. పొద్దుగాల తీసింది.

తాటివనం
ఇంటికొస్తే లొట్టి ఏంది, కడుపు నిండ తాగి పో అన్నా. క్లిప్పు మాత్రం ముట్టకు 😀
రిగ్గరన్నా, మా బాపుకు నీ పోస్టు చదివి వినిపిచ్చిన. "గా పిలగాడు ఎవడోగని చెట్టెక్కినోడే" అన్నడు.

రామగుండం_రిగ్గర్
చెట్టు కాదు, చిమ్నీలు. బాపుకు దండాలు చెప్పు.

నల్లబండ
నూనె వద్దన్నది ఎందుకు? నేను కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేస్తనే ఉంట, గేటు మస్తు నడుస్తది.

పాకాల_పిట్ట
@నల్లబండ భువనగిరి నల్లబండ మీద నడుస్తుంది. పాండవుల గుట్టకు తీసుకపో, అప్పుడు చెప్పు. అది ఇసుకరాయి. తాడంతా సన్నటి ఇసుక పట్టుకుంటుంది. నూనె గేటు కీలులో ఆ ఇసుకను పట్టి ఉంచుతుంది. గ్రాఫైట్ పొడి గానీ, మైనం లాంటి ఆరిపోయే లూబ్రికెంట్ గానీ వాడాలి.

అరుగుడు కూడా అక్కడే ఎక్కువ. ఇసుక పట్టిన తాడు అల్యూమినియం మీద పోతుంటే ఆకురాయి పెట్టినట్టే. సన్నటి బీనర్‌లో గాడి తొందరగా పడుతుంది. గాడి లోతు ఒక మిల్లీమీటరు దాటితే, లేదా అంచు వేలికి గీరుకుంటే పక్కన పడేయాలి. ఒకే బీనర్‌లోంచి అందరినీ వరసగా దించే అలవాటున్న గ్రూపులకు ఇది గట్టిగా చెప్తున్నా. దించడానికి పైన ఉక్కు బీనర్ పెట్టండి, బరువైనా సరే. గుట్ట మీద వదిలేసి వచ్చేదే కదా, ఎవరు మోస్తారు.

నల్లబండ
సరే సరే. ఉక్కు మాటకు వెయ్యి మార్కులు. అక్క చెప్పింది రాసి పెట్టుకోరి పోరగాండ్లు.

గుట్టల_పోరడు
అంటే సెట్టు మొత్తం మార్చుడు వద్దనేగా? మరి చిన్నవి దేనికి పెట్టుకోవాలె?

మెకానికల్_సీను
రెండు చోట్లకు. క్విక్‌డ్రాలకు, పొడుగు స్లింగులకు తేలికవి పెట్టుకో, లీడ్ చేసేటోడివైతేనే. నడుముకు సామాను తగిలించుకోవడానికి, చెప్పులు, సీసా, సుద్ద సంచి.

బిలేకు, ర్యాపెల్‌కు (తాడు మీద జారుకుంటూ దిగడానికి) పెట్టొద్దు. వాటికి గుండ్రం గీతలో హెచ్ అని ముద్ర ఉన్న పెద్ద పియర్ ఆకారం లాకర్ కావాలి. మంటర్ హిచ్ వేస్తే ముడి అటూ ఇటూ తిరగడానికి చోటుండాలి, చిన్నదాంట్లో ఇరుక్కుపోతుంది. ర్యాపెల్‌లో తాడు రుద్దుకొని వేడి పుడుతుంది, 22 గ్రాముల లోహం ఎంత వేడిని మింగుతుంది? చెయ్యి పెడితే చుర్రుమంటుంది.

టాప్ రోప్ యాంకర్ దగ్గర రెండు లాకర్లు, గేట్లు ఎదురెదురుగా. పైన చెప్పినట్టు అక్కడ ఇద్దరి గుంజుడు పడుతుంది.

పాకాల_పిట్ట
ఒకటి కలుపుతా. క్విక్‌డ్రాలో బోల్టు (రాయిలో దింపిన మేకు) వైపు బీనర్, తాడు వైపు బీనర్ కలపకు. బోల్టు అంచు గీరి గాట్లు పడతాయి, తర్వాత అదే తాడు వైపు పెడితే తాడు తొడుగు లేస్తుంది. రంగు వేరు చేసుకో. గోళ్ల రంగు చుక్క చాలు.

చింతగట్టు_చిన్ని
కింద పడితే లోపల కంటికి కనబడని పగుళ్లు వస్తయంటరు, నిజమేనా? మా దోస్తు ఒకటి నడుము ఎత్తు నుంచి పడ్డదని పారేసిండు, నాకు పానం ఉసూరుమన్నది.

మెకానికల్_సీను
నడుము ఎత్తుకా? పాపం. పడేసిన వాటిని తర్వాత యంత్రం మీద లాగి తెంపి చూసిన పరీక్షల్లో బలం పెద్దగా తగ్గినట్టు తేలలేదు. ఈ అల్యూమినియం మిశ్రమం గాజులాగా పగిలేది కాదు. లోతు గాటు లేకుండా, వంకర లేకుండా, గేటు సరిగ్గా మూసుకుంటుంటే వాడుకోవచ్చు. గుట్ట పైనుంచి కింద బండ మీద పడితే వేరు మాట.

రామగుండం_రిగ్గర్
సీను సార్ లెక్క సార్‌ది. మా దగ్గర పడ్డదంటే ట్యాగు కట్టి పక్కన పెట్టుడే, వాదన లేదు. ఎంత ఎత్తు నుంచి పడ్డదో ఎవడు నిజం చెప్తడు? వంద మంది వాడే సామాను అది. నీ సొంతం అయితే నీ ఇష్టం.

మెకానికల్_సీను
నలుగురు వాడే సామానుకు మీ రూలే సరి, ఒప్పుకుంటాను. సొంత దానికి నా మాట మీదే ఉంటాను.

బాయికాడ_బాలన్న
పడ్డది పారేసుడు ఎందుకు, నాకియ్యుండ్రి. స్ప్రేయరు పైపు కట్టుకుంట.

నల్లబండ
కాకాకు ఇచ్చేటప్పుడు గేటు మీద కోత పెట్టి ఇయ్యుండ్రి. రేపు ఎవడన్న పోరడు చూసి గుట్టకు తీసుకపోతడు, మెరుస్తనే ఉంటది కదా.

గుట్టల_పోరడు
మంచిగ అర్థమైంది. చిన్నవి ఆరు కొంట, మూడు క్విక్‌డ్రాలకు. యాంకర్‌కు ఉక్కువి. పాత పెద్దవాటిల గాడి పడ్డయి ఏవో చూస్త. తాళంచెవులకు 40 రూపాయలదే, దానికి ఎర్ర టేపు చుట్టి పెట్టుకుంట, గుట్ట బ్యాగుల పడనియ్య.

ఈ ఆదివారం పాండవుల గుట్ట ప్లాను. నిన్నటి నుంచి రేగొండ దిక్కు వాన పడుతున్నదట, పోవచ్చా?

పాకాల_పిట్ట
పోవద్దు. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది, పట్టుకున్న రాయి చేతికే వస్తుంది, బోల్టు పక్కన కూడా నమ్మకం ఉండదు. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. కొన్ని రోజులు ఎండ పడనివ్వు. ఎప్పుడు పోయినా పాత రాతి బొమ్మలున్న వైపు సుద్ద చేతులు పెట్టొద్దు.

గుట్టల_పోరడు
అయితే భువనగిరికే. పుష్‌పుల్ కాజీపేటల ఎన్ని గంటలకు? @కాజీపేట_జంక్షన్

కాజీపేట_జంక్షన్
పేరు పెట్టుకున్న పాపానికి అందరు నన్నే అడుగుతరు. స్టేషన్ల బోర్డు చూసుకో తమ్మీ, అది కూడా నమ్మకు.